రెండో ఒడి

ఎల్బీనగర్

బావా,

ఫోన్‌లో అయితే "గిరాకీ ఉంది, మళ్ల మాట్లాడ్త" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు కదా, అందుకే రాస్తున్నాను. కూర్చుని చదువు.

మన కవలలిద్దరినీ పక్కింటి సుమిత్రమ్మకు అప్పజెప్పి, సూరత్‌లో నీ దగ్గరకు రావడానికని దిల్‌సుఖ్‌నగర్‌లో విమానం టికెట్లు చేసే ఉపేంద్ర గారి దగ్గరకు వెళ్లాను. ఇద్దరూ ఏడాదిలోపు పిల్లలేనని చెప్పగానే ఆయన చేస్తున్న పని ఆపేశారు. "ఒక మనిషి ఒళ్లో ఒక్క బిడ్డేనండీ. రెండో బిడ్డకి ఇంకో పెద్దవాళ్లు ఉండాల్సిందే" అన్నారు. నేను బతిమాలలేదు. కుదుపు వస్తే రెండు చేతులతో ఒక్కరినే పట్టుకోగలను, ఆ మాట నిజమే.

నీకు చెబితే నువ్వేమన్నావు? "బాబును తీస్కొని రా. పాప మా అమ్మ దగ్గర ఉంటది, దసరాకు నేనొచ్చి తెస్త." పోచంపల్లి నుంచి వచ్చిన అత్తమ్మదీ అదే పాట. వస్తూనే విమానంలో పనికొస్తుందని ఒక మూట అల్మారాలో పెట్టింది. నువ్వే రెండో టికెట్ మీద రా అత్తమ్మా అంటే, "నాకు ఇమానమంటే గుండెదడ బిడ్డా. పాపను నా దగ్గర ఇడిసి పో, ఏమైతది?" అంది. నా ప్రాణం చివుక్కుమంది. ఇద్దరూ ఒకే కడుపున పుట్టారు. ఒకరిని వదలాల్సి వచ్చేసరికి తల్లీకొడుకులిద్దరికీ పాపే ఎందుకు గుర్తొచ్చింది? బాబును ఉంచమని ఒక్కరూ అనలేదు.

ఏడ్చింది చాలు. వస్తే ఇద్దరితో వస్తాను, లేకపోతే ఇక్కడే ఉంటాను. రెండో ఒడి కోసం మా తమ్ముణ్ణి కూడా అడిగాం గానీ, పిల్లలకు తండ్రి ఉన్నాడన్న సంగతి ఎవరికీ తట్టలేదు, నీతో సహా. సేటును సెలవు అడిగి, వచ్చి నీ బిడ్డను నీ ఒళ్లో తీసుకుపో. నీ పేరు మీద టికెట్ చేయించేశాను.

నీ వాసంతి


సూరత్

అత్తమ్మకు దండాలు.

క్షేమంగా చేరాం. నీ కొడుకు మొహం ముడుచుకునే వచ్చాడు. విమానంలో మమ్మల్ని వేర్వేరు వరుసల్లో కూర్చోబెట్టారు. గాలి చాలకపోతే పైనుంచి జారే ఊపిరి మాస్కు వరుసలో ఒక్కో పక్కన ఒక్కటే అదనంగా ఉంటుందట, అందుకని ఇద్దరు చంటివాళ్లను పక్కపక్కన ఉంచరట. నేను బాబుతో వెనక, బావ పాపతో ముందు.

బావ నీ మూటలోంచి నేత పట్టీ తీసి, పాపను నడుముకు కట్టుకుని, పైనుంచి బెల్టు బిగించాడు. చిన్నప్పుడు మగ్గం దగ్గర నువ్వు అతన్ని కట్టుకున్నట్టే. విమానం అమ్మాయి వచ్చి విప్పమంది. "మా అమ్మ నేసింది, తెగదు" అన్నాడు బావ. "పట్టీ గట్టిదే సార్, పాప మెత్తనిది. మీ బెల్టు పాప మీదుగా వస్తే కుదుపులో మీ బరువంతా పాప మీదే పడుతుంది" అని, పాపకు వేరే చిన్న బెల్టు తెచ్చి అతని బెల్టుకు తగిలించింది.

విమానం పైకి లేస్తుంటే పాప గుక్కపట్టింది. నేను లేవబోయాను. "నువ్వు కూసో, నేను చూస్కుంట" అని వెనక్కి తిరగకుండానే అన్నాడు. పాలసీసా నోటికి అందించి, ఏదో గొణుగుతూ ఊరుకోబెట్టాడు. దిగాక అందరూ వెళ్లిపోయినా లేవడే. "జర ఆగు, పండుకుంది" అన్నాడు. కళ్లనిండా నీళ్లు. "దీన్నా నేను ఇడిసిపెట్టి రమ్మన్నది?" అన్నాడు. నా కోపం అక్కడే కరిగిపోయింది.

ఇక నీ సంగతి. మూటలో ఒక్క పట్టీయే ఉంటుందని, అదీ మనవడి కోసమేనని అనుకున్నాను. ఇంటికొచ్చి విప్పితే అడుగున ఇంకొకటి. ఒకటి ఎరుపు, ఒకటి నీలం, రెండిటికీ ఒకే అంచు. నేనూ నేతగాళ్ల ఇంటి పిల్లనే అత్తమ్మా. నూలుకు ముళ్లు కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టాక గదా మగ్గమెక్కేది, ఎన్ని రోజుల పని! పాపను వదిలి పొమ్మని నువ్వు అన్ననాటికే పాప పట్టీ నేసి తెచ్చి అల్మారాలో పెట్టావు. నేను తిరగబడితే తప్ప నీ కొడుకు కదలడని నీకు ముందే తెలుసు, అందుకే ఆ మాట అన్నావు.

దసరాకు నిన్ను ఇక్కడికి రప్పించడానికి విమానం టికెట్ చేస్తున్నాం. ఆ గుండెదడ ఇప్పటికి తగ్గే ఉంటుంది.

నీ కోడలు
వాసంతి