దొమింగా లేకుండా దయ్యాలాట ఆడబోమని

గౌరవనీయులైన జిల్లా సాంస్కృతిక అధికారి గారికి,

అయ్యా,

విషయం: నల్ల మెక్సికన్ల పండుగలో మా ఊరి దయ్యాలాట నుంచి దొమింగా వేషమును తొలగించవలెనన్న తమ ఉత్తర్వును మేము పాటించబోమని తెలియజేయుట గురించి.

దొమింగా ఆడది కదా, ఆమె ముసుగు వెనక ఎప్పుడూ మగవాడే ఎందుకుండాలి? పన్నెండో ఏట నుంచి నన్ను వదలని ప్రశ్న ఇది. ఊరి పెద్దలను అడిగాను. విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో పుస్తకాల్లోనూ వెతికాను. జవాబు దొరకలేదు. ఇప్పుడు తమ కార్యాలయమూ అదే అడుగుతోంది. కానీ మేము అడగడం వేరు, తాము అడగడం వేరు.

1. కిందటేడు పండుగలో మా సిరీలో మామ దొమింగా వేషం కట్టి, చంకలోని బొమ్మను ముఖ్య అతిథిగారి ఒడిలో పెట్టి, "ఏమయ్యో, మొహం చాటేస్తున్నావా? నీ బిడ్డే! ఆ ముక్కు చూడు, అచ్చం నీదే!" అన్న మాట వాస్తవము. జనం పడీపడీ నవ్వినదియు వాస్తవము. దొమింగా పనే అది. మా ఊళ్లో ఫాదర్‌గారి ఒడిలోనూ పెడుతుంది. ఆయన కాసేపు జోకొట్టి తిరిగి ఇచ్చేస్తారు. అతిథిగారు విసిరికొట్టారు. బొమ్మ చెయ్యి విరిగింది. ఇందుపై విచారణ ఏదియు జరగలేదు.

2. "పురుషుడు స్త్రీ వేషం ధరించుట అసభ్యం" అని ఉత్తర్వు. పన్నెండు దయ్యాలు, వాటిని కొరడాతో అదిలించే పెద్ద దయ్యం, పెళ్లామై ఉండీ వాడిని పూచికపుల్లలా తీసిపారేసే దొమింగా: ఆటంటే ఇదీ. ఏటా నవంబరులో మా చచ్చిపోయినవాళ్లు ఈ ఆట వెంటే ఇళ్లకు వస్తారు. ఆమెను తీసేస్తే మిగిలేది కవాతు. కవాతు వెంట మావాళ్లెవరూ రారు.

3. నేను ఆటగాళ్లకు ఉత్తర్వు చదివి వినిపించగానే, ఆటలో గుర్రపు దవడ ఎముకను వాద్యంగా వాయించే పోర్ఫిరియో, "మగాడొద్దంటే ఆడదాన్నే పెడదాం. లేవండి పంతులమ్మా! బళ్లో అరిచినట్టు అరవండి, చాలు" అన్నాడు నాతో. అందరూ నవ్వారు. సిరీలో మామ నవ్వలేదు. అతికించిన బొమ్మను తెచ్చి నా చేతిలో పెట్టి, "ముప్ఫయ్యేళ్లు మోశానమ్మాయ్. నువ్వడిగితే ఇచ్చేస్తా. ఆ కాగితం అడిగితే మాత్రం చస్తే ఇవ్వను" అన్నాడు.

కావున దొమింగా పండుగకు వచ్చును. బొమ్మతో సహా వచ్చును. ఇది అనుమతి కోరుట కాదు, ముందుగా చెప్పుట మాత్రమే. తాము చిత్తగించినా సరే, చిత్తగించకున్నా సరే.

తమ విధేయురాలు (ఈ ఒక్క విషయంలో తప్ప),
ఎర్మెలిందా నొయోలా,
ఉపాధ్యాయిని, ఎల్ కరీసాల్ ఊరు, కోస్తా చికా.

తా.క.: నేను వేషం కడితే, మగవాడు కట్టరాదన్న తమ మాటకు తలవంచినట్టు. కట్టకపోతే, తమ మీది పంతంతో నా చిన్ననాటి కోరికను నేనే చంపుకున్నట్టు. దొమింగా రావడం ఖాయం. ముసుగు వెనక నేనుండాలో మామే ఉండాలో మాత్రం, నిజం చెబుతున్నాను, నాకింకా తేలలేదు.