పంచె మడత

2008 జనవరి, మంగళవారం రాత్రి. భవానీపురం.

ఏడేళ్ల కిందట నాగాయలంక తీరంలో ప్రకాశం మాస్టారూ నేనూ తీసిన ఆండ్రోమెడా ఫోటోలను ఈ రోజు కొత్త సాఫ్ట్‌వేర్‌లో మళ్ళీ శుద్ధి చేశాము. గెలాక్సీ పక్కన మునుపెన్నడూ కనబడని మసక వెలుగు తేలింది.

"ఇన్నాళ్లకు మనకూ ఎవరూ చూడనిది ఒకటి దొరికిందండీ. రేపే పత్రికకు పంపిస్తాను" అన్నారాయన. రిటైరయ్యాక ఆయన ఇంతగా నవ్వడం చూడలేదు.

నాకు నమ్మకం కుదరలేదు. కెమెరా లోపలి ధూళి మచ్చలను తొలగించడం కోసం అప్పట్లో ఆ తీరంలోనే సాయంత్రం టెలిస్కోపు మూతికి ఆయన తెల్లపంచె కట్టి ఒక ఫోటో తీసుకున్నాము. ఇప్పుడు దానిని విడిగా తెరిచాను. సరిగ్గా అదే చోట మడత నీడ ఉంది. ఆ ఫోటోలో మసకగా ఉన్న చోటల్లా సాఫ్ట్‌వేర్ అసలు ఫోటోకు కాంతి పెంచుతుంది కాబట్టి, అందులో నీడగా ఉన్నది శుద్ధిలో వెలుగవుతుంది. ఆ పంచె ఫోటో లేకుండా మళ్ళీ శుద్ధి చేసి చూస్తే వెలుగు లేదు.

పొద్దున్నే వెళ్ళి చెప్పాలి. పంచె ఆయనదే గాని, మడత విప్పకుండా కట్టినది నేనని ముందుగా చెప్పాలి.