ఎండిన ఎర, చెరువు నీళ్లు

ఫిబ్రవరి 9

షెడ్డు దూలానికి వేలాడుతున్న ఉల్లిపాయల వలసంచి దించాను. అందులో నాలుగేళ్ల కిందట నేను చుట్టిన ఎర ఉండలు ఉన్నాయి. చేపపొడి, గుడ్లు, రవ్వ కలిపి, ఉడకబెట్టి, ఎండగట్టినవి. రెండు కిలోలుంటాయి. ఒకటి చేజారి సిమెంటు మీద పడి టక్కుమంది. గోళీ కూడా అంత చప్పుడు చేయదు.

రెజ్ అన్నయ్యకిది ఆఖరు గాలం సీజను. మార్చి 14 సాయంత్రం కంకర చెరువు మూస్తారు, మళ్లీ జూన్ దాకా తెరవరు. 15న గాలం రాడ్లన్నీ క్లబ్బుకి ఇచ్చేస్తాడట. ఈ వణుకు చేతులతో ఇక నావల్ల కాదే మేవిస్ అన్నాడు. నేను నోరు తెరిచేలోగా బిస్కెట్లు ఎక్కడ దాచావని అడిగాడు.

ముప్పై ఏళ్లుగా అతనికి కావలసింది ఒక్కటే చేప. మెడకింద పాదిరి కాలరులా తెల్లమచ్చ ఉన్న ముసలి బంగారుతీగ. కెంట్‌లో ఆ చెరువు తెలిసినవాళ్లందరూ దాన్ని పాదిరిగారు అంటారు. 2009లో ఆయన నా గాలానికి పడ్డాడు. వల పట్టుకుంది రెజ్. ఫోటో తీసింది కూడా అతనే. తరవాత నీళ్లలోకి వదిలేశాం, ఆ చెరువులో అదే రివాజు. ఇన్నేళ్లలో ఒక్క మాట అనలేదు. ఒకసారి అనేసి ఉంటే నాకు హాయిగా ఉండేది.

ఈ ఉండల్ని నానబెట్టి పాదిరిగారికి వడ్డించాలి. రెజ్‌కి మాట ఇచ్చేశాను.

ఫిబ్రవరి 10

రాయకుండా దాచి లాభం లేదు, చదివేది నేనే కదా. క్రిస్మస్ ముందు వచ్చిన జ్వరం తరవాత నాకు వాసన తెలియడం లేదు. కాఫీ లేదు, సబ్బు లేదు, వాన లేదు. ఎవరికీ చెప్పలేదు.

నేను ముప్పైయొక్క ఏళ్లు బడి వంటింట్లో నాలుగొందల మందికి వండాను. ఎప్పుడూ కొలత రాసుకోలేదు. ఎర కూడా అంతే. చుక్క వేయడం, మూతపెట్టి ఊపడం, తీసి వాసన చూడడం, చాలు అనిపించే దాకా. ముక్కే నా కొలతగిన్నె. అది పోయింది.

ఫిబ్రవరి 11, సాయంత్రం

సగం ఉండలు బకెట్‌లో పోశాను. జనపగింజల నూనె, బెల్లప్పాకం, చేపల రసం. ఇవి కంటికి తెలుస్తాయి, పరవాలేదు. ఆఖరున చిన్న సీసాలోది, పులిసిన వెన్న వాసన వేసే ద్రావకం. చుక్క వేశాను. ఊపాను. మూత తీసి ముఖం లోపలికి పెట్టాను. ఏమీ లేదు. ఇంకో చుక్క. ఏమీ లేదు. చాలు అనిపించడం లేదు. ఇంకొంచెం.

మధ్యాహ్నం కుర్చీలో కునుకు పట్టింది. బడి వంటింట్లో ఉన్నాను. పెద్ద గంగాళాల్లోంచి ఆవిరి లేస్తోంది, పిల్లలు ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు, అందరికీ మెడకింద తెల్లమచ్చ. ఏం వండానో నాకే తెలియదు. వడ్డిస్తూనే ఉన్నాను.

ఫిబ్రవరి 13

బకెట్‌లో అంతా కిందా మీదా కలిపాను. ఉండలు నూనె తాగుతున్నాయి.

ఫిబ్రవరి 16

పక్కింటి థెల్మా గోడమీంచి తొంగిచూసి మీ డ్రైనేజీ ఎక్కడో పగిలింది చూసుకో అంది. ఆమెకి ఎప్పుడూ ఏదో ఒకటి పగులుతూనే ఉంటుంది. నవ్వి ఊరుకున్నాను.

ఉండలు చక్కగా ఉబ్బాయి. నల్లగా, నున్నగా మెరుస్తున్నాయి. చూడ్డానికి ఇంత అందమైన ఎర నేనెప్పుడూ చేయలేదు.

ఫిబ్రవరి 20

రెజ్ నా కారులో కిటికీ దించుకుని కూర్చున్నాడు, అంత చలిలో. మఫ్లర్ ముక్కు దాకా లాక్కున్నాడు. ఏమిటంటే గాలి ఆరోగ్యానికి మంచిదట.

పగలంతా చెరువు దగ్గరే. ఒక్క కదలిక లేదు. నీటికోడి ఒకటి మునిగి ఉండను పైకి తెచ్చి, ముక్కుతో రెండుసార్లు తిప్పి, వదిలేసి ఈదుకుంటూ పోయింది. నీటికోడి! అది చెప్పులైనా తింటుంది.

ఫిబ్రవరి 27

మళ్లీ ఏమీ లేదు.

మార్చి 2, సాయంత్రం 4

ఇవాళ షెడ్డు ఊడుస్తుంటే వెన్న సీసా చేతికి తగిలింది. వెలుతురుకి ఎత్తి చూశాను. కొత్త సీసా. రెండేళ్లు రావలసింది. అడుగున వేలెడు కూడా లేదు.

బకెట్‌లో చుక్కలు వేశాననుకున్నాను. పోశాను. మూడు వారాలు ఊరంతటినీ కంపు కొట్టించాను. థెల్మా చెప్పిన పగిలిన డ్రైనేజీని నేనే.

కోటు వేసుకుని నేరుగా రెజ్ ఇంటికి నడిచాను. గుమ్మంలోనే చెప్పేశాను, నాకు ముక్కు పనిచేయడం లేదు, నీ ఆఖరు సీజను సగం నేనే పాడుచేశాను అని.

తెలుసులే, లోపలికి రా అన్నాడు.

క్రిస్మస్ రోజే తెలిసిందట. పొయ్యిమీద క్యాబేజీ మాడి బొగ్గవుతుంటే నేను పక్కనే నిలబడి పాట పాడుతున్నానట. మరి ఎందుకు చెప్పలేదు, ఆ కంపు కారులో రెండుసార్లు ఎందుకు కూర్చున్నావు అని అరిచాను. నిజంగానే అరిచాను.

అతను కెటిల్ పెట్టి, నావైపు తిరగకుండానే మాట్లాడాడు. రెండేళ్లుగా నాకు టీ సగం కప్పే పోసిస్తున్నావు, ఒలికిపోకుండా. నేనెప్పుడైనా మిగతా సగం ఏదే అని అడిగానా అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. తరవాత ఇద్దరం సగం సగం కప్పులు తాగాం.

మార్చి 3

రెండో సగం ఉండలు వలసంచిలో అలాగే ఉన్నాయి. రెజ్ వచ్చి, నువ్వు కలుపు, నేను వాసన చూస్తాను, ఇద్దరికీ కలిపి ఒక మనిషి తయారవుతాం అన్నాడు. నూనె తీశాను. పాకం తీశాను. అంతలో అతనే చేయి అడ్డం పెట్టాడు. ఏమీ వేయకు అన్నాడు.

పాదిరిగారు నలభై ఏళ్లుగా ఆ చెరువులో ఉన్నాడు, మనుషులు కనిపెట్టిన ప్రతి వాసనా చూశాడు, వాసన ఎంత బాగుంటే అంత దూరం పోతాడు అన్నాడు. వారంరోజులు అడుగున పడి ఉండి, వాసన పోయి, వెలిసిపోయి, ఎవరికీ అక్కరలేని ఉండయితేనే నమ్ముతాడట. ముప్పై ఏళ్లు ఓడిపోతే ఆమాత్రం తెలియదా అన్నాడు.

అదే చోటు నుంచి, అతను గాలం వేసే రెల్లు పక్కనుంచి, బకెట్‌తో నీళ్లు తెచ్చాం. ఉండలు పోశాం. అంతే.

మార్చి 6

రోజూ పాత నీళ్లు పారబోసి చెరువు నీళ్లు మారుస్తున్నాను. మూతపెట్టబోతూ వంగితే చప్పుడు వినిపించింది. ఉండల్లోంచి గాలి బయటికి వస్తూ చిటచిటమంటోంది. చాలాసేపు విన్నాను. నాలుగేళ్ల నాటి గాలి. నేను అవి చుట్టిన రోజు వంటింట్లో ఉన్న గాలి. అప్పుడు నాకు అన్ని వాసనలూ తెలిసేవి.

మార్చి 10

ఎర్రటి ఉండలు ఎండుటాకు రంగుకి వచ్చాయి. బొటనవేలితో నొక్కితే కొంచెం దిగి మళ్లీ పైకి వస్తున్నాయి. ముక్కు అక్కర్లేదు. చాలు అని వేలు చెప్పింది.

మార్చి 13

నైరుతి గాలి. వెచ్చగా, తడిగా. పన్నెండున్నరకి రెజ్ రాడ్ వంగింది.

అతను రెండు చేతులతో పట్టుకున్నాడు. చేతులు వణికాయి, రాడ్ వణికింది, దారం వణికింది, చివర ఎక్కడో నీటి అడుగున ఆ వణుకు పాదిరిగారి నోటికి కూడా అందే ఉంటుంది. మోచేయి పట్టుకుందామని నా చేయి రెండుసార్లు లేచింది. పట్టుకోలేదు. నా జీవితంలో నేను చేసిన కష్టమైన పని అదే అనుకుంటాను. ఇరవై నిమిషాలు నా చేతులు కోటు జేబుల్లో ఉన్నాయి.

ఆఖరికి వల నేను ముంచాను. వల అంచులో తెల్లమచ్చ కనిపించింది.

తూకం సంచి తీస్తుంటే వద్దన్నాడు. ఫోటో కూడా వద్దన్నాడు. గాలం ఊడదీసి, మోకాళ్లలోతు నీళ్లలో కూర్చుండిపోయి, కోటు చేతులు కూడా మడవకుండా, రెండు చేతులూ చేప పొట్టకింద పెట్టాడు. ఆయన మొప్పలు మెల్లగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి.

నీళ్లలో రెజ్ చేతులు వణకడం లేదు.

నేను చూశాను. నేను చూడడం అతనూ చూశాడు. చూశావా అన్నాడు. చూశాను అన్నాను. తరవాత వల అంచు కిందికి నొక్కాడు. పాదిరిగారు తొందరేమీ లేకుండా వెళ్లిపోయాడు.

మార్చి 15

రాడ్లు ఇచ్చేశాడు. పిలవలేదు నన్ను. మంచిదే.

మార్చి 16, ఉదయం 7

రెజ్ తడికోటు చేప పడ్డ రోజు నుంచీ నా కారు వెనక సీట్లోనే ఉండిపోయింది. ఇచ్చొద్దామని తలుపు తీశాను.

బురద. రెల్లు. చేప.

కారెక్కి తలుపు వేసుకున్నాను, వాసన బయటికి పోకుండా.