వాడి సబ్జెక్టులు, దాని చదువు

అమ్మడూ, నీ కూతురూ నేనూ ఇక్కడ కులాసా, కంగారుపడకుండా చదువు.

నిన్న కాలేజీలో సబ్జెక్టులు నమోదు చేసుకునే రోజు, పిల్లకి తోడుగా వెళ్లాను. బడి మెట్లు సరిగా ఎక్కనివాణ్ణి, కాలేజీ కుర్చీలో కూర్చుందామని నాకో సరదా. గట్టి చెక్క కుర్చీ కావడంతో అది కాసేపటికే తీరింది. సలహాలు చెప్పే మేడమ్, పిల్ల రాసిచ్చిన కాగితం చూసి, "నీకు మంచి మార్కులన్నీ జీవశాస్త్రంలోనే కదమ్మా. ఈ యంత్రాల చదువులు ఎవరు తీసుకోమన్నారు?" అంది.

"మా అన్నయ్య చదువు మధ్యలోనే పోయాడండీ. మిగిలినవి నేను పూర్తి చేస్తానని అమ్మకి మాటిచ్చాను."

"అన్నయ్యకి ఇవి ఇష్టమా?"

"ప్రాణమండీ."

"మరి నీకు?"

పిల్ల ఆ కాగితం వెనక్కి తీసుకుని మడతపెట్టింది. మార్చుకోవడానికి నెలాఖరు దాకా గడువుందట, ఇంట్లో మాట్లాడి రమ్మంది ఆవిడ.

అల్లుడుగారి నడుంనొప్పి తగ్గిందా? పెరట్లో పంపు బాగు చేయించారా?

అమ్మడూ, మాట తీసుకున్నది నువ్వు. నువ్వు వద్దంటే తప్ప అది మానదు. ఈ కార్డు అందగానే దానికి ఫోన్ చేసి, నీకు నచ్చింది చదువుకోమ్మా అని నీ నోటితో చెప్పు. వాడి పుస్తకాలు ఒక్కటీ వదలకుండా నాకు పంపించు. అర్థమైనా కాకపోయినా అవి నేను చదువుతాను.

అందరికీ నా దీవెనలు.

నాన్న