నాలుగు వందల పన్నెండు పేజీలు

గుంటూరు,
3 ఆగస్టు 2006

దేవీ,

పాప ఎలా ఉందని ముందు అడగాలి. అడిగాననుకో. నాకు కావలసిన జవాబు వేరే ఉంది. రెండేళ్ళు వినుకొండ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి నువ్వు రాసుకున్న నోటు పుస్తకాలు ఇంకా ఉన్నాయా? మనం బయటికి చేసుకునే ఫోను సంజీవరావు గారి బల్ల మీదే ఉంటుంది. రైతులకి సలహాలిచ్చే మన కేంద్రానికి పెద్ద ఆయనే, ఎదురుగా కూర్చుని ఈ మాట అడిగే ధైర్యం లేక కాగితం తీశాను.

రైతుల సైటులో నువ్వు టైపు చేసిన నాలుగు వందల పన్నెండు పేజీలూ పోయాయి. హాలండ్ ఆయన వల్ల పోయాయని ఇక్కడ అందరూ అనుకుంటున్నారు. పోగొట్టింది నేను.

నువ్వు టైపు చేసి వెళ్ళిపోయేదానివి, వెనక ఏం జరుగుతుందో నేనూ ఎప్పుడూ చెప్పలేదు. మన సైటును నడిపేది ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేరు. ఎవరైనా పేజీ రాసి, ఎవరైనా దిద్దే వీలు, అదే వికీ, అందులో లేదు. దానికోసం నేనొక అదనపు భాగం, మాడ్యూల్ అంటారు, రాసి తగిలించాను. మిర్చి ఆకుముడత తెగులుని ఒక ఊళ్ళో బొబ్బర అంటే, ఆ పేరుతోనే పేజీ తెరుచుకునేది. నా ఒక్కదానికే తట్టిన ఆలోచన అనుకుని ఆర్నెల్లు పొంగిపోయాను. తీరా చూస్తే వేరే వేరే దేశాల్లో ఇంకో ముగ్గురు అదే పని చేసి పెట్టారు. ఒకే సైటులో రెండు పెడితే రెండూ ఒకే పేజీ మీద పడి కొట్టుకుంటాయి. అందుకని నాలుగూ కలిపి ఒకటి చేద్దామని ఈమెయిళ్ళలో మాట్లాడుకోవడం మొదలైంది. పని పంచి, తన మాడ్యూల్‌కే మిగతావి కలుపుతూ వచ్చింది యాన్ అనే ఆయన. హాలండ్‌లో ఏదో లైబ్రరీలో పని చేస్తాడు. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ అంతంతమాత్రమే. మర్యాదగా రాసినా తిట్టినట్టే ఉండేది.

తెలుగు పేర్లు నీ దాంట్లో నిలబడవని ఆయనకి మూడుసార్లు రాశాను. "వరసలో పెట్టాను, చూద్దాం" అన్నాడు మూడుసార్లూ. ఆయన చేయాల్సిన పనుల వరసలో మనది పదిహేడోది. కలిపిన మాడ్యూల్ మీద నా పేరు నాలుగోది. మన కేంద్రంలో మెచ్చుకోవడానికి ఎవరికీ అర్థం కాని పని ఇది, బయట మెచ్చుకునేవాళ్ళు నన్ను చివరన పెట్టారు. ఆ మంట ఎలాంటిదో నీకు చెప్పలేను. రెండూ పక్కపక్కన పెట్టి, నాదే మేలని లెక్కలతో నిరూపిద్దామనుకున్నాను. ముందు నాది ఆపి, పేజీలన్నీ వేరేగా కాపీ తీసుకుని, ఆ తర్వాతే తనది పెట్టాలని యాన్ మొదటి వాక్యంలోనే రాశాడు. చదివాను దేవీ. చదివి కూడా, నాది ఆపకుండా, కాపీ తీయకుండా, అందరూ వాడే సైటు మీదే ఆయనది పెట్టాను. మన సీడీ రైటర్ పాడై ఏడాది దాటింది, అందుకే వేరే కాపీ కూడా లేదు. బాగు చేయించమని అడగాల్సింది కూడా నేనే.

టీ తాగి వచ్చేసరికి ఒక్క తెలుగక్షరం లేదు. అక్షరానికొక ప్రశ్నార్థకం. రైతుల ఫోన్లకి జవాబిచ్చే హుస్సేన్ సాహెబ్ పిలిచాడు. "రమ్యమ్మా, ఇదేందమ్మా, యాడ నొక్కినా కొక్కేలే కనపడతన్నాయి." ఆయన చేతిలో ఫోను అలాగే ఉంది. అవతల ఎవరో ఆడమనిషి, పత్తికి మందు కొడుతూ భర్త చేలో పడిపోయాడట. తెరిచిన పేజీ నిండా కొక్కేలు. సాహెబ్ తనకి తెలిసింది చెప్పాడు. "చొక్కా ఇప్పదీయి తల్లీ, సబ్బు పెట్టి ఒళ్ళు కడుగు, తాగటానికి ఏం పొయ్యబాక, ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసకపో, ముందు ఫోన్ పెట్టెయ్." ఆమె మళ్ళీ ఫోను చేయలేదు. ఏ ఊరో ఆయన అడగలేదు. ఇవాళ్టికి తొమ్మిది రోజులు.

ఏమైందని సంజీవరావు గారు అడిగితే, "ఆ హాలండ్ ఆయన మాడ్యూల్ సార్" అన్నాను. నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చింది. అదే అందరికీ వెళ్ళే ఈమెయిల్లో రాశాను, పేద రైతుల రెండేళ్ళ మాటలు నీ నిర్లక్ష్యం వల్ల తుడిచిపెట్టుకుపోయాయని. రెండు రోజుల్లో అందరూ ఆయన మీద పడ్డారు. ఆయన క్షమించమని రాసి, తన మూడేళ్ళ పని వెనక్కి తీసేసుకున్నాడు. ఇప్పుడు అందరూ నా మాడ్యూలే అసలుది చేద్దామంటున్నారు. నా పేరు మొదట ఉంది.

పుస్తకాలుంటే పంపు. రాత్రింబవళ్ళు కూర్చుని మళ్ళీ ఎక్కిస్తాను, ఎవరికీ ఏమీ తెలియాల్సిన పని ఉండదు. లేకపోతే ఏం చేయాలో నాకు తోచడం లేదు.

నీ
రమ్య


వినుకొండ,
7 ఆగస్టు 2006

ఏమే రమ్యా,

నీ ఉత్తరం చదివి మొదట నాకు కలిగింది సంతోషం. నిజం చెబుతున్నా. ఆ పేజీలు పోయాయని తెలిశాక చాలా నెలల తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఎందుకో విని, తర్వాత నన్ను తిట్టుకో.

పుస్తకాలు ఉన్నాయి, పెట్టెలో. వాటిలో రెండు వందల అరవై పేజీలకే మాటలున్నాయి. మిగతావాటికి పుస్తకం లేదు, ఎప్పుడూ లేదు. పాప కడుపులో పడ్డాక బస్సెక్కితే కళ్ళు తిరిగేవి. నెలకి ఇన్ని పేజీలని సంజీవరావు గారు గోడకి కాగితం అంటించారు కదా. పురుగుమందుల కంపెనీ వాళ్ళు పంచిన చిన్న పుస్తకం చూసి కొన్ని, మా అత్త నోట విన్నవి కొన్ని, ఇంట్లో మంచం మీద కూర్చుని రాసేశాను. పేజీల కింద బసవమ్మ చెప్పింది, పుల్లమ్మ చెప్పింది అని ఆ ఊళ్ళ రైతు ఆడవాళ్ళ పేర్లు పెట్టాను. వాళ్ళ గుమ్మం కూడా తొక్కలేదు.

మందు కొడుతూ పడిపోతే ఏం చేయాలన్న పేజీ నేను కల్పించిందే. గ్లాసుడు మజ్జిగలో ఉప్పేసి బలవంతంగానైనా తాగించాలని రాశాను. మా ఆయన ఇక్కడి ఆస్పత్రిలో కాంపౌండరని నీకు తెలుసుగా, తర్వాతెప్పుడో మాటల్లో అడిగితే, "స్పృహ లేనోడి నోట్లో మజ్జిగ పోస్తావా, చంపుతావా ఏంది" అన్నాడు. అప్పటికి పేజీ ఎక్కి నాలుగు నెలలైంది. తీసేయమని నీకు చెప్పాలంటే మిగతావీ చెప్పాలి. చెప్పలేదు. ఆ రోజు పేజీ బాగా ఉండుంటే, సాహెబ్ చదివి ఆమెకి అదే చెప్పేవాడు.

దీంతో నీ తప్పు చిన్నదైపోయిందని సంబరపడకు. నువ్వు పోగొట్టినవాటిలో రెండు వందల అరవై నిజమైనవి. పైగా నా దొంగ పేజీల కోసం, ఏమీ ఎరగని మనిషిని పదిమందిలో నిలబెట్టావు. పుస్తకాలు నీకు పంపను. పంపితే గుట్టుగా ఎక్కించేస్తావు, ఇద్దరం దొంగలుగానే మిగిలిపోతాం. నేను సంజీవరావు గారికి ఈ ఉత్తరంతో పాటే ఇంకోటి రాసి పోస్టు చేస్తున్నాను. నీ సంగతి అందులో రాయలేదు. అది నువ్వే చెప్పుకోవాలి. ఆయనతో చెప్పి, హాలండ్ ఆయనకి కూడా రాసి, అప్పుడు బస్సెక్కు. నేను చేసింది చెప్పుకుని, ఈసారి నిజంగా అడిగి రాసుకోవడానికి బసవమ్మ దగ్గరికి ముందు పోదాం. ఆమె మనల్ని లోపలికి రానిస్తుందో లేదో కూడా తెలియదు.

దేవకుమారి


గుంటూరు,
19 ఆగస్టు 2006

దేవీ,

చెప్పాను. సంజీవరావు గారు నీ ఉత్తరం, నా మొహం మార్చి మార్చి చూసి, "మీ ఇద్దర్నీ నమ్మి నేను కలెక్టరు గారిని పిలిచి చూపించానమ్మా" అన్నారు. ఆయన కేకలేసి ఉంటే బాగుండేది. నన్ను కంప్యూటరు ముందు నుంచి లేపి, హుస్సేన్ సాహెబ్ పక్కన రెండో ఫోను దగ్గర కూర్చోబెట్టారు. ఎన్నాళ్ళో చెప్పలేదు. గోడ మీది కాగితం మాత్రం ఆయనే చింపారు.

యాన్‌కి, అందరికీ కనపడేటట్టే రాశాను. ఆయన మాట చదివి కూడా పక్కన పెట్టానని, ఆ సంగతి దాచి ఆయన్ని నిందించానని. మిగతావాళ్ళు మాడ్యూల్ మీది పేర్లలోంచి నా పేరు తీసేశారు. యాన్ నాలుగు రోజులకి జవాబిచ్చాడు. కోపంగా ఉందన్నాడు, చాలా రోజులు ఉంటుందన్నాడు. తన మాడ్యూల్ మళ్ళీ పెడుతున్నానని, తెలుగు పేర్లు నిలబెట్టే ముక్క తనకి చేత కాదు కాబట్టి నన్నే రాసి పంపమని, పంపాక పరీక్ష తనే చేస్తానని అన్నాడు. నాతో వేరే మాటలు వద్దన్నాడు. క్షమించానని ఎక్కడా లేదు. మూడుసార్లు వెతికాను. ఆ ముక్క మొన్న పూర్తి చేసి పంపాను.

ఇవాళ పొద్దున ఒక ఫోను నేనెత్తాను. పొన్నూరు వైపు నుంచి పెద్దాయన, మిర్చి చేలో ఆకులు పడవల్లా పైకి ముడుచుకుంటున్నాయట, ఏం కొట్టాలని. అది నీ పుస్తకంలో ఉన్నవాటిలోదో, లేనివాటిలోదో నాకు తెలియదు. "తెలియదండీ" అన్నాను. ఈ కుర్చీలో ఆ మాట ఇదివరకెవరూ అన్నట్టు లేదు, సాహెబ్ ఇటు తిరిగి చూశాడు. అవతల ఆయన నవ్వాడు. "తెలవకపోతే తెలవదనే చెప్పావు, మంచిదే. అయితే నేను చెప్తా, రాసుకో" అన్నాడు. రాసుకున్నాను. ఊరు అడిగాను, పేరు అడిగాను, ఆయన చెప్పేదాన్ని పక్కనుంచి భార్య దిద్దితే అదీ రాసుకున్నాను.

సోమవారం మొదటి బస్సుకి వస్తున్నాను. నువ్వు బసవమ్మ ఎదురుగా నోరు విప్పేటప్పుడు పాపని నేనెత్తుకుంటాను.

రమ్య