కాన్పయ్యాక కూడా మిషను నాదే

రాయపూర్

ప్రియమైన అక్కయ్యకు, బావగారికి,

మీ సుగుణ వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ, మీ మరిదిగారూ కులాసాగానే ఉన్నాం. మీ అందరి ఆరోగ్యం ఎలా ఉంది? బావగారి మోకాలినొప్పి తగ్గిందా? పిల్లలు బడికి సరిగా వెళ్తున్నారా?

పోయిన ఉత్తరంలో నువ్వు ఒకటే మాట అడిగావు: ‘కడుపు సంగతి తెలిసిందా? పనిలో ఉంచారా, తీసేశారా?’ ఉంచారక్కా. మనసు తేలికపడ్డాకే రాద్దామని ఇన్నాళ్ళూ ఆగాను.

మా కుట్టు కారఖానా సంగతి నీకు తెలుసు కదా. కడుపు కనబడితే చాలు, ‘ఇంటికెళ్ళి ఆరాం చెయ్యి’ అంటారు. ఆ ఆరాం ఇక తీరదు, మళ్ళీ పనికి పిలవరు. నా పక్క మిషను మీద కుట్టే ఫుల్‌బాసన్ అనే ఆమెని అలాగే పంపేసి, ఆమె చోట దిలీప్ అనే అతన్ని కూర్చోబెట్టారు. ఆడవాళ్ళకి ఇచ్చేదానికంటే ఎక్కువ కూలి కూడా ఇచ్చారు. అది చూశాక నేను కొంగు నిండుగా కప్పుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. ఈ ఎండల్లో, ఆ రేకుల షెడ్డులో, ఎలా ఉంటుందో ఊహించుకో.

ఇంతలో భోపాల్ నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. సర్కారీ ఆసుపత్రులకి దుప్పట్లు, డాక్టర్ల కోట్లు. మా సూపర్‌వైజర్ వర్మాజీ అందరినీ పిలిచి చెప్పారు. ఈసారి సర్కారు షరతులు పెట్టిందట. ఒకే పనికి ఆడా మగా ఒకే కూలి ఇవ్వాలి. కడుపుతో ఉందని ఎవరినీ తీసెయ్యకూడదు, కాన్పయ్యాక తిరిగి తీసుకోవాలి. పసిపిల్లలకి ఒక గది ఉండాలి. ఇవి లేనిచోట సరుకు కొనరట.

మాకు సంతోషమే. కానీ మా సేఠ్‌జీ చేసిందేమిటంటే, ఇవన్నీ తనిఖీ చెయ్యడానికి సర్కారు సాబ్ వచ్చే ముందురోజు సామాను గది ఖాళీ చేయించి, ఎక్కణ్ణుంచో ఒక ఊయల తెప్పించి కట్టించారు. ‘సాబ్ అడిగితే అంతా బాగుందనండి’ అన్నారు. భోజనాల వేళ దిలీప్ నా దగ్గరికొచ్చి, ‘దీదీ, మీరు నోరు విప్పితే ఆర్డరు పోతుంది. మా అందరి రోటీ పోతుంది’ అన్నాడు. కోపంతో కాదక్కా, భయంతో అన్నాడు. అతనికీ పిల్లలున్నారు.

ఇంటికొచ్చి మీ మరిదిగారికి చెప్పాను. ‘మనకి రైల్వే జీతం ఉంది. మిగతావాళ్ళకి ఏం లేదు. ఏం చెయ్యమనాలో నాకూ తెలియడం లేదు సుగుణా’ అన్నారు. ఇద్దరం ప్రార్థన చేసుకుని పడుకున్నాం. నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు తనిఖీకి వచ్చినాయన తెల్లజుట్టు మనిషి. కుట్లు చూశారు, గుడ్డ లాగి చూశారు. తర్వాత ఆ గదిలోకి తొంగిచూసి, ‘ఈ ఊయల ఎవరి బిడ్డది?’ అని అడిగారు. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను.

‘సాబ్, ఆ బిడ్డ రాలేదు. కడుపుతో ఉండగానే వాళ్ళమ్మని తీసేశారు. నాకూ ఐదో నెల. తర్వాత నా వంతే. కానీ మీరు ఆర్డరు మాత్రం తీసెయ్యకండి. తీసేస్తే శిక్ష పడేది మాకే’ అన్నాను.

నా హిందీ ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా, అయినా చెప్పేశాను. ఆయన ‘బైఠో బేటీ’ అని నన్ను కూర్చోమని, సేఠ్‌జీ వైపు తిరిగారు. ‘ఆర్డరు ఉంటుంది. కానీ ఆ అమ్మాయి తిరిగొచ్చి పనిలో కూర్చున్నాకే మీ సరుకు తీసుకుంటాం. కూలి సమానం చెయ్యండి. నేను మళ్ళీ వస్తాను, చెప్పి రాను’ అన్నారు.

మర్నాడు భయపడుతూ వెళ్ళాను. నా మిషను ఖాళీగానే ఉంది. కూర్చుని, దారం ఎక్కిస్తుంటే కన్నీళ్ళు ఆగలేదక్కా.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరం బస్సెక్కి అభన్‌పూర్ దగ్గర ఫుల్‌బాసన్ పుట్టింటికి వెళ్ళాం. చెబితే, ‘సిరతోన్?’ అని మళ్ళీ మళ్ళీ అడిగింది. నిజమేనా అని వాళ్ళ మాట. వాళ్ళమ్మ నమ్మక, ‘మళ్ళీ తీసేస్తే?’ అంది. ‘తీసేస్తే సరుకు కొనరు, అందుకే తియ్యరు’ అన్నాను. తిరిగొచ్చేటప్పుడు మాకు కట్ట కట్టి అమారీ ఆకు ఇచ్చింది. విప్పి చూస్తే మన గోంగూరే! పులుసు పెట్టుకుని కడుపునిండా తిన్నాను.

ఇప్పుడు ఫుల్‌బాసన్ వస్తోంది. దిలీప్‌ని తియ్యలేదు, పని పెరిగిందని ఇంకో మిషను కొన్నారు. మా కూలి మగవాళ్ళతో సమానమైంది. సేఠ్‌జీ నాతో ఇంకా ముభావంగానే ఉన్నారు, ఉండనీ. నేను కొంగు దోపుకుని పని చేసుకుంటున్నాను, గాలి తగులుతోంది. ఒళ్ళు బాగానే ఉంది, నిజంగా బాగానే ఉంది, దిగులు పడకు.

వీలైతే ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త కరివేపాకు కారం పంపు. పిన్నిగారికి, పాస్టరుగారికి మా వందనాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. మా కోసం ప్రార్థన చెయ్యండి.

అమ్మ లేకపోయినా నువ్వున్నావు కనుక తొలి పురుటికి మీ ఇంటికే వస్తాను. కానీ అక్కా, ఆ తర్వాత జాలిపడి నన్ను అక్కడే ఉండిపొమ్మనకు. బిడ్డనెత్తుకుని మళ్ళీ ఇక్కడికే వస్తాను.

మీ దీవెనలు కోరే చెల్లెలు,
సుగుణ