యాభై ఆంప్స్ బ్రేకర్

మే 4, సోమవారం
గ్రైండర్ ఈరోజు ఐదుసార్లు బ్రేకర్ పడిపోయి ట్రిప్ అయింది. ప్లాస్టిక్ తుక్కు నలిపే మెషిన్ అది. నడిపేది మా అన్నయ్య. ఆగిన ప్రతిసారీ నాకే ఫోన్, ఫ్యాక్టరీలో కరెంటు పని నాది కాబట్టి.

తీరా చూస్తే, పోయిన వారం నేను లీవులో ఉన్నప్పుడు మోటార్ మార్చేశారు. ముప్పై హెచ్‌పీ తీసి యాభై పెట్టారు. స్టార్టర్ మార్చారు, రిలే మార్చారు. కేబుల్, బ్రేకర్ ఎవరికీ గుర్తు రాలేదు. ఏనుగుని తెచ్చి మేకతాడుతో కట్టారు.

మే 5
లెక్క కట్టాను. కొత్త మోటార్ డెబ్భై ఆంప్స్ లాగుతోంది. ఉన్నది పది స్క్వేర్ మిల్లీమీటర్ల సన్న కేబుల్. షెడ్డంతా వేడి, ఒకే ట్రేలో ఆరు కేబుళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. అక్కడ అది యాభై మోస్తే గొప్ప. ముప్పై ఐదు స్క్వేర్ కావాలి, దానికి వంద ఆంప్స్ బ్రేకర్. బ్రేకర్ స్టోర్స్‌లో ఉందట. కేబుల్ నలభై రెండు మీటర్లకి రాసిచ్చాను. పది రోజులట.

ప్రొడక్షన్ మేనేజర్‌ని మేమంతా తొందరాయన అంటాం. అందాకా ఆ వందైనా పెట్టెయ్యమన్నాడు. కుదరదన్నాను. బ్రేకర్ కాపలా కాసేది కేబుల్‌కి. కేబుల్ మోయలేనప్పుడు అది పడిపోవాలి. అదే దాని పని. ఇదంతా చెప్తే ఫోన్ చూసుకుంటూ విన్నాడు.

మే 7, మధ్యాహ్నం 1
క్యాంటీన్‌లో అన్నయ్య నా పక్కన కూర్చుని, ఆ వంద పెట్టెయ్యమని బతిమాలాడు. ఆగినప్పుడల్లా బ్లేడ్లలో ఇరుక్కున్న తుక్కు చేత్తో లాగాల్సి వస్తోందట. చెయ్యి రెండు చోట్ల తెగింది. తుక్కు సగమే వెయ్యమన్నాను. సగం వేస్తే తొందరాయన బతకనిస్తాడా అన్నాడు. నీ లెక్కల్లో కేబుల్ ఉంది గానీ మీ అన్నయ్య చెయ్యి లేదేంటే అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం 4
పెట్టేశాను. వంద. పది రోజులే కదా. రిజిస్టర్‌లో రాయలేదు. తీసిన యాభై ఆంప్స్ బ్రేకర్ నా లంచ్ బ్యాగ్‌లో ఉంది.

మే 9
ఒక్క ట్రిప్ కూడా లేదు. అన్నయ్య అందరికీ టీ పోయించాడు. మా చెల్లి చెయ్యి పడితే ఏ మెషినైనా మాట వినాల్సిందేనని షెడ్డంతా చాటాడు.

ట్రేలో కేబుల్‌ని చేతి వెనకవైపుతో తాకి చూశాను. నాన్న వైర్‌మన్, ఆయన నేర్పిన పద్ధతి. అరచేత్తో తాకితే, షాక్ కొట్టినప్పుడు వేళ్లు బిగుసుకుని వదలవు. జ్వరం తగిలిన పిల్ల నుదురులా వెచ్చగా ఉంది.

మే 12
ఇప్పుడది వెచ్చన కాదు. చెయ్యి ఆనడం లేదు. మెషిన్ ఆపాలని తొందరాయనకి చెప్పాను. గురువారం సరుకు లారీ వెళ్లాక నీ ఇష్టం అన్నాడు. తలూపాను. ఎందుకు ఊపాను?

మే 14, గురువారం
అన్నయ్య పోయాడు.

మే 19
ట్రే కింద తుక్కు బస్తాలున్నాయి. కేబుల్ నుంచి వాటికి నిప్పంటుకుంది. అంత మంటలోనూ బ్రేకర్ నిమ్మకు నీరెత్తినట్టు ఆన్‌లోనే ఉంది. అన్నయ్య అందరినీ బయటికి తరిమి, మెయిన్ ఆపడానికి తను వెనక్కి వెళ్లాడట. పొగ.

మే 23
ప్రమాదం మీద ఫ్యాక్టరీ రిపోర్ట్ వచ్చింది. ఆపరేటరే అనుమతి లేకుండా బ్రేకర్ మార్చాడట. తొందరాయన తలుపేసి, పోయినవాడికి ఉద్యోగంతో పనిలేదు, నీకుంది అన్నాడు. కింద నేను సంతకం చెయ్యాలట. సోమవారం దాకా గడువిచ్చాడు.

ఇంటికొచ్చేసరికి వదినకి రిపోర్ట్ సంగతి ఎవరో చెప్పేశారు. చెల్లెల్ని ఇంట్లో పెట్టుకుని ఒక్క మాట అడక్కుండా ఆ పాడుపని ఎందుకు చేశాడని, పోయినవాణ్ని తిట్టి తిట్టి ఏడ్చింది. నేను గిన్నెలు తోముతూ ఉండిపోయాను. ఛీ.

మే 25
కేబుల్ వచ్చింది. చేతులు కాలాక ఆకులు అనబోయి, స్టోర్స్ పెద్దాయన నా మొహం చూసి ఆగిపోయాడు. టేపు పెట్టి కొలిచాను. నలభై రెండు మీటర్లు, సరిగ్గా. చేతి వెనకవైపుతో తాకాను. చల్లగా ఉంది.

సంతకం చెయ్యలేదు. బ్రేకర్ మార్చింది నేనే అని రాసిచ్చి వచ్చాను.

మే 25, సాయంత్రం 6
పాత బ్రేకర్ వదిన చేతిలో పెట్టి అంతా చెప్పాను. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. ఇదే ఉంటే పడిపోయేదా అని అడిగింది.

పడిపోయేది అన్నాను.